జాలీ తీసేసిన ఎండాకాలం

పెళ్ళయిన ఆ తొలి ఎండాకాలంలో నాకు ప్రతిదీ ముద్దుగానే ఉండేది. మాచర్ల ఎండ కూడా. మిద్దె మీద ఆరేసిన దుప్పటి కాసేపట్లోనే అప్పడంలా బిగుసుకుపోతే, దాన్ని గోడకు నిలబెట్టి నేనూ ఫిరోజూ పగలబడి నవ్వుకున్నాం. అందుకే మా ఇంటి పాత కారు కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టడం మొదలుపెట్టినప్పుడు కూడా నాకు ముందు నవ్వే వచ్చింది.

ఆ రోజు ఎత్తిపోతల జలపాతానికి బయలుదేరాం. ముందు సీట్లలో మేమిద్దరం, వెనక మా అత్తమ్మ హజ్రా బీ. కొత్త జంట షికారులో అత్తగారేందని మా అక్క ఫోన్లో ఒకటే ఎగతాళి. కానీ ఆ కారు గుమ్మం దాటిందంటే అత్తమ్మ అందులో ఉండాల్సిందే. అది ఆమె పెద్ద కొడుకు మోయిన్ కారు. దాన్ని బాడుగలకు తిప్పి ఇల్లు నిలబెట్టిన మనిషి, రెండేళ్ళ కిందట విషజ్వరంతో గుంటూరు ఆసుపత్రిలో పోయాడు. నేను అతన్ని ఫిరోజ్ ఫోన్లో ఉన్న ఫోటోల్లోనే చూశాను.

"ఏంది ఈ కంపు? నువ్వు తెచ్చిన గుడ్లేనా?" అన్నాడు ఫిరోజ్, టిఫిను డబ్బా వైపు చూస్తూ.

"నా వంటనేమన్నా అన్నారంటే ఇక్కడే దిగి నడిచిపోతా." అత్తమ్మ ముందు అతన్ని మీరు అనేదాన్ని. ఆమె పక్కన లేకపోతే నువ్వే.

"దిగు. నువ్వు దిగితేనన్నా బండి ఎత్తు ఎక్కుద్దేమో."

నిజంగానే ఎక్కలేదు. సాగర్ రోడ్డులో చిన్నపాటి మిట్ట. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కినా కారు ముసలి గేదెలా మూలుగుతుందే తప్ప కదలదు. కాళ్ళ కింద డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగలమని చప్పుడు. వెనకనుంచి అత్తమ్మ మెల్లగా అంది, "వాడైతే రెండో గేర్లో ఎక్కించేవాడు." ఫిరోజ్ గేరు మార్చి మళ్ళీ తొక్కి చూశాడు. నేను దిగి, గోరింటాకు ఇంకా పోని చేతులతో కారు తోశాను. నాపరాళ్ళ లోడుతో పోతున్న లారీ డ్రైవరు తల బయట పెట్టి, "ఏంది తమ్ముడూ, కొత్త పెళ్ళికూతురి చేత బండి తోపిస్తన్నావా? కట్నం చాల్లేదా?" అని అరిచాడు. ముగ్గురం నవ్వాం. అత్తమ్మ నవ్వగా చూడటం నాకదే మొదటిసారి.

మర్నాడు మెకానిక్ సుభానీ మామ వచ్చాడు. మోయిన్ బతికున్నప్పటి నుంచీ ఆ కారు చూసేది ఆయనే. గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరి, పానాతో ఎక్కడో టకటకా కొట్టి, కిందనుంచే తీర్పు చెప్పాడు.

"కన్వర్టర్ పోయింది రా ఫిరోజూ. సైలెన్సర్ కంటే ముందు ఈ డబ్బా ఉంటది గదా, దీని లోపల తేనెతుట్టె మాదిరి జాలీ ఉంటది. అది విరిగి, కరిగి, దారి మూసుకుపోయింది. బండికి ఊపిరాడట్లా."

"కొత్తది వేస్తే?"

"కొత్తది వేసే బదులు ఈ కారు అమ్మేసి బర్రెను కొనుక్కో. పాలన్నా ఇస్తది."

ఆ జాలీ ఎందుకుంటుందో నాకు తెలుసు. బీఎస్సీలో కెమిస్ట్రీ నాది. పెళ్ళికొడుకు ముందు తెలివి చూపించుకునే అవకాశం ఎందుకు వదులుతాను? "పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కదా మామా, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది అదే" అని గడగడా అప్పజెప్పాను. ఫిరోజ్ చప్పట్లు కొట్టాడు. సుభానీ మామ కారు కిందనుంచి, "కోడలుపిల్ల పాసైంది. ఇంట్లో పెద్ద దేగిశా ఉంటే తీసిపెట్టమ్మా, పనిబడుద్ది" అన్నాడు.

తక్కువలో తేలే దారులన్నీ ఒక్కొక్కటిగా చూశాం. ముందు ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, రెంటచింతల మీదుగా గురజాల దాకా గట్టిగా లాగించాం. వేడికి లోపలి మసి కాలిపోతుందని మామ చెప్పాడు. మసి కాలలేదు గానీ నాకు దారిలో పుచ్చకాయ దొరికింది. తర్వాత డబ్బా ఊడదీసి, అత్తమ్మ బిర్యానీ దేగిశాలో సబ్బుపొడి కలిపిన వేడినీళ్ళలో నానబెట్టాం. "ఇంట్లో పెళ్ళికి బిర్యానీ వండిన గిన్నెరా ఇది" అని అత్తమ్మ గొణుగుతూనే తనే నీళ్ళు కాచి పోసింది. నల్లటి నీళ్ళు వచ్చాయి, కారు మాత్రం మారలేదు.

"ఇంక ఒక్కటే" అన్నాడు మామ. "లోపలి జాలీ మొత్తం పగలగొట్టి తీసేసి, ఖాళీ డబ్బానే మళ్ళీ వెల్డింగ్ పెట్టిద్దాం. బండి గుర్రంలా పోద్ది. పొల్యూషన్ చెకింగులో పట్టుకుంటే మాత్రం నా పేరు చెప్పమాకండి."

ట్రాక్టరు ట్రక్కులకు వెల్డింగ్ చేసే షాపులో ఆ పని అయిపోయింది. బూడిదరంగు పెంకులు గడ్డపలుగు దెబ్బకు జలజలా రాలాయి. కారు కాస్త మోత ఎక్కువగా, నిజంగానే గుర్రంలా ఇంటికొచ్చింది. వెనక సీట్లోకి ఎక్కి కూర్చున్న అత్తమ్మ కళ్ళు మూసుకుని, "ఇదీ వాడి బండి చప్పుడు" అంది.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కాగానే కరెంటు పోయేది, ఎప్పుడొస్తుందో తెలీదు. ఫిరోజ్ సెల్ షాపులో ఇన్వర్టరు ఉంది, ఇంట్లో లేదు. మా పెరట్లో కారు కోసం మోయిన్ కట్టించిన షెడ్డు ఉండేది. మూడు వైపులా నిలువుగా పాతిన నాపరాళ్ళు, పైన కూడా నాపరాళ్ళే. ముందువైపు ఎండ పడకుండా నీలం టార్పాలిన్ వేలాడదీసి, కింద రాళ్ళు పెట్టేవాళ్ళం. ఒక మధ్యాహ్నం కరెంటు పోగానే అత్తమ్మ కారు తాళం తీసుకుని అందులోకి వెళ్ళింది. ఏసీ వేసుకుంది. కాసేపటికి నన్నూ పిలిచింది.

నాకు పండగే. ఉప్పుకారం అద్దిన మామిడి ముక్కలు, తాటిముంజలు పళ్ళెంలో పెట్టుకుని, చల్లటి కారులో వెనక సీట్లో అత్తాకోడళ్ళం పక్కపక్కన. ముందు సీట్లు ఖాళీ. నేను ఎక్కగానే అత్తమ్మ తన వైపు అద్దం సగం దించేది. "చల్లదనం పోతుంది కదా" అంటే, "ఉండనీలే" అనేది. టార్పాలిన్ లోంచి వచ్చే వెలుతురుకి లోపలంతా నీలంగా, బావిలో కూర్చున్నట్టు ఉండేది. ఇంజను గుడగుడమంటుంటే కళ్ళు బరువెక్కేవి. మామూలుగా ముక్తసరిగా మాట్లాడే అత్తమ్మ అక్కడ మాత్రం ఏవేవో చెప్పేది. శ్రీశైలం ఘాటులో మోయిన్ ఒంటిచేత్తో ఎలా తిప్పేవాడో, ఏ బాడుగకు పోయినా తనకోసం ఏం తెచ్చేవాడో.

ఒకరోజు చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ముందు సీటు వైపే చూస్తూ, చాలా మామూలుగా, కూరగాయల బండి వచ్చిందన్నట్టు చెప్పింది.

"వచ్చాడు."

"ఎవరత్తమ్మా?"

"మోయిన్. రోజూ వస్తన్నాడులే. వెనక్కి తిరగడు. నాకు మెడే కనపడతది."

నా చేతిలో ముంజ జారి ఒళ్ళో పడింది. ముందు సీట్లో ఎవరూ లేరు. స్టీరింగ్ మీద ఎండపొడ మాత్రం సన్నగా వణుకుతోంది, ఇంజను అదురుకి. నేను నవ్వబోయాను. అత్తమ్మ మొహం చూసి నవ్వలేకపోయాను. పెళ్ళిలో కూడా అంత నిబ్బరంగా, అంత వయసు తగ్గినట్టుగా ఆమె కనపడలేదు.

సాయంత్రం ఫిరోజ్‌తో చెప్పాను. మల్లెమొగ్గల పొట్లం విప్పుతున్నవాడల్లా ఆగాడు. "అన్న పోయిన కాణ్ణుంచీ అమ్మ సరిగ్గా అన్నం తిన్లేదు ఫరా. ఇప్పుడు తింటంది. అట్లా అనుకుని కూచుంటే మనకేం పోయింది?"

నాకూ అంతే అనిపించింది. కానీ ఆ తర్వాత షెడ్డు పక్కనుంచి పోతుంటే నా కాళ్ళు వాటంతటవే వేగంగా పడేవి.

అదే రోజుల్లో నాకు వికారం మొదలైంది. సాయంత్రమైతే కణతల దగ్గర సుత్తితో కొట్టినట్టు నొప్పి, కళ్ళు తిరగడం, అన్నం చూస్తే వాంతి. పక్కింటి ప్రమీలమ్మ పిన్ని గోడ మీదనుంచే చూసి, "ఏమే ఫరా, కడుపేనా?" అంది. నాకు సిగ్గు, ఆశ, భయం అన్నీ ఒక్కసారే. ఫిరోజ్ ఆ సాయంత్రమే ఊలు టోపీ కొనుక్కొచ్చాడు, ఆ మండుటెండల్లో. దాన్ని తన పిడికిలికి తొడిగి ఆడిస్తుంటే నవ్వి నవ్వి నాకు మళ్ళీ వాంతి వచ్చింది.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యాల్టి నుంచీ నువ్వు కార్లో కూచోమాక."

"ఎందుకత్తమ్మా? మీకు తోడు..."

"నాకు తోడుంది. నువ్వొద్దు. షెడ్డు దరిదాపులక్కూడా రావద్దు."

కడుపుతో ఉన్నవాళ్ళు పోయినవాళ్ళ దగ్గర మెలగకూడదని కాబోలు అనుకున్నాను. అంటే ఆమెకు అది ఊహ కాదు. అక్కడ నిజంగా అతను ఉన్నాడు.

విశ్రాంతిగా ఉంటుందని నన్ను నకరికల్లు, మా పుట్టింటికి పంపారు. అక్కడ దిగిన మర్నాటికే తలనొప్పి మాయమైంది. ఆకలి పుట్టింది. అమ్మ చేసిన గోంగూర మాంసం మూడు పూటలూ తిన్నాను. పరీక్ష చేయిస్తే కడుపు లేదన్నారు. ఆ రాత్రి ఫోన్లో ఫిరోజ్, "పోన్లే, టోపీ నేను పెట్టుకుంటా" అన్నాడు.

నన్ను తీసుకెళ్ళడానికి అదే కారులో వచ్చాడు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని బయలుదేరాం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు దాటేసరికి నా కణతల్లో సుత్తి మళ్ళీ మొదలైంది. అద్దం దించాను. వడగాలి మొహాన కొట్టింది గానీ, కాసేపటికి సుత్తి తగ్గింది. దుమ్ము వస్తుందని ఫిరోజ్ అద్దం ఎత్తించాడు. గురజాల వచ్చేసరికి మళ్ళీ అదే నొప్పి.

"బండి ఆపు" అన్నాను.

దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. మిరప కోసిన చేలు ఎండిపోయి ఉన్నాయి. సుభానీ మామ ముందు నేను అప్పజెప్పిన సమీకరణం, చప్పట్లతో సహా గుర్తొచ్చింది. ఆ విషాన్ని మార్చే జాలీని మేమే పగలగొట్టించాం. మార్పు చెందని పొగ ఎక్కడినుంచో కారు లోపలికి వస్తోంది. రోడ్డు మీద పరుగెత్తే కారులోనే ఇలా ఉంటే, మూడు వైపులా నాపరాళ్ళు, ముందు టార్పాలిన్ ఉన్న షెడ్డులో?

"నేను లేనప్పుడు అత్తమ్మ కారులో కూర్చుంటోందా?"

"రోజూనూ. ఏం?"

చెప్పాను. ఫిరోజ్ కణత రుద్దుకున్నాడు, తనకూ పొద్దుటి నుంచీ తల దిమ్ముగానే ఉందట. తర్వాత, "మరీ అంత ఉండదులే. రేపు పొద్దున్నే మామకి చూపిద్దాం" అన్నాడు. తనకు తనే చెప్పుకున్నట్టు ఉంది ఆ మాట. అద్దాలన్నీ దించుకుని ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం అత్తమ్మతో ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. కడుపు లేదన్న మాటకే ఆమె చాలాసేపు నా తల నిమురుతూ కూర్చుంది.

మర్నాడు సుభానీ మామ పొద్దున రాలేదు, సాయంత్రం వస్తానని కబురు పెట్టాడు. ఫిరోజ్ తాళం తన జేబులో వేసుకుని షాపుకి పోయాడు. నేను నిశ్చింతగా ఉల్లిపాయలు తరుగుతున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఆగాక వచ్చిన ఆ నిశ్శబ్దంలో, పెరట్లో ఎప్పటినుంచో తిరుగుతున్న ఇంజను చప్పుడు వినపడింది.

మోయిన్ దగ్గర రెండో తాళం ఉండేదని నాకెవరూ చెప్పలేదు.

పరుగెత్తి టార్పాలిన్ ఎత్తాను. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. అత్తమ్మ వెనక సీట్లో తల వాల్చి, పెదవులు కదుపుతూ ఏదో చెప్తోంది. తలుపు తీసి ఆమె పక్కన కూర్చుని, ఎంతసేపో భుజం పట్టి కుదిపాను. "అత్తమ్మా, లేవండి." ఆమె లేవలేదు. "ఉండవే, మాట్లాడుతన్నాడు" అంది.

అప్పుడు నాకూ కనిపించాడు.

ముందు సీట్లో ఒక మనిషి మెడ. చెమట అంటకుండా కాలరు కింద మడిచి పెట్టిన చేతిరుమాలు. ఇంజను అదురుకి ఆ తల సన్నగా ఊగుతోంది. భయం వెయ్యలేదు, అదే నాకు ఇప్పటికీ భయం. ఎంతో కాలంగా తెలిసిన బావగారి వెనక కూర్చున్నట్టు, ఇక ఎటూ పోనక్కర్లేదన్నట్టు అనిపించింది. తల మెల్లగా ఇటు తిరగడం మొదలైంది. చెవి కనిపించింది. గడ్డం అంచు కనిపించింది.

కణతలో సుత్తి పడింది. నాకు బాగా తెలిసిన సుత్తి.

తాళం ముందుంది. సీట్ల మధ్యనుంచి వంగి, చెయ్యి చాపాను. నా చెయ్యి అతని ఒళ్ళోంచే పోవాలి. కళ్ళు గట్టిగా మూసుకుని తాళం తిప్పాను. ఇంజను ఆగింది. కళ్ళు తెరవకుండానే వెనక్కి వచ్చి, అత్తమ్మ చంకల కింద చేతులేసి బయటికి లాగాను. టార్పాలిన్ కింది రాయి తగిలి ఇద్దరం ఎండలో పడ్డాం. ప్రమీలమ్మ పిన్ని గోడ దూకినంత పని చేసి నీళ్ళు తెచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక అత్తమ్మ కుదుటపడింది; మర్నాడు ఇంటికి తెచ్చి, పెరటి వసారాలో మంచం వేశాం.

సుభానీ మామ కారు కిందనుంచి వచ్చి, చేతిలో పానా నేల మీద పడేశాడు. "అతుకు ఇడిసిపోయిందిరా. వెనక సీటు కింద రేకు తుప్పు పట్టి చిల్లు పడింది. అయినా షెడ్డులో ఇంజను ఏసుకుని ఎవరన్నా కూచుంటారా వదినా? డ్రైవరు తల్లివి, నీకు తెలవదా?"

అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మామ వెళ్ళాక, నేను మంచం పక్కన కూర్చుని పళ్ళరసం తాగిస్తుంటే చెప్పింది.

"తెలుసే. మోయిన్ ఎప్పుడూ చెప్పేవాడు. మూసిన షెడ్డులో ఇంజను పెట్టుకుని పడుకుని ఒక డ్రైవరు పోయాడని."

గ్లాసు కింద పెట్టేశాను. "తెలిసే కూర్చున్నారా? మరి నన్ను...?"

"నువ్వున్నప్పుడు అద్దం దించాను గదే. చాలుద్దనుకున్నా. కడుపన్నాక అసలే రానివ్వలేదు." ఆమె నా మొహం చూడలేకపోయింది. "చద్దామని కాదు ఫరా. చానా దగ్గరికి పోతేనే గదా వాడు కనపడతన్నాడు."

విజయవాడ ఆటోనగర్‌లో, గుద్దుకుని మూలపడ్డ ఒక కారు నుంచి తీసిన కన్వర్టర్ దొరికింది. లోపల జాలీ బాగుందని మామ ఎండకు ఎత్తిపట్టి నాకు చూపించాడు. వేలకొద్దీ సన్నటి వెలుగు చుక్కలు. దాన్ని బిగించాం. కింద రేకు వేయించాం. వెనక వరసలో నాపరాళ్ళు ఫిరోజ్ ఒక్కడే పీకేశాడు; అన్న పాతిన రాళ్ళు ఇంకొకరు ముట్టకూడదన్నాడు. షెడ్డు అటూ ఇటూ తెరుచుకుంది. రెండు తాళాలూ నా దగ్గర పెట్టుకున్నాను.

అత్తమ్మ మళ్ళీ అన్నం తగ్గించేసింది. మల్లెలు వచ్చే కాలం అయిపోయింది. ఫిరోజూ నేనూ ఆమె వినేట్టు నవ్వడం మానేశాం. ఒకరోజు ఆమె నాతో, "ఆ పాత డబ్బా పారేశారా?" అని అడిగింది. "పారేశాం" అన్నాను. "ఒక్కసారి పెట్టిస్తే... నువ్వు తలుపు కాడ నిలబడు. ఒక్కసారే." నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బరువుగా ఉండేది.

మృగశిర కార్తెలో తొలి వాన పడింది. మట్టి వాసనకి నేను పెరట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ కారు వెనక సీట్లో కూర్చుని ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. ఇంజను లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. పైన నాపరాళ్ళ మీద వాన చప్పుడు. ముందు సీటు ఖాళీగా ఉంది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

"నీకేమన్నా కనపడతందా?"

"లేదత్తమ్మా."

"నాక్కూడా." ముందు సీటు వీపు మీద చెయ్యి వేసి అడిగింది. "ఆ రోజు నీకు కనపడ్డాడు గదా. నిద్రలో అంటానే ఉన్నావంట, తిరుగుతన్నాడు, తిరుగుతన్నాడు అని. ఫిరోజ్ చెప్పాడు. నీకు మొహం చూపించాడా?"

నేను చూసింది చెవీ, గడ్డం అంచూ. అంతకు మించి లేదు. ఆమె నా వైపు తిరిగింది. ఆ కళ్ళల్లో అసూయ కూడా ఉంది. ఇన్ని మధ్యాహ్నాలు చావు అంచున కూర్చున్న తల్లికి చూపించని మొహం అది.

"చూపించాడు" అన్నాను.

"ఎట్లున్నాడు? నవ్వతన్నాడా?"

నవ్వుతున్నాడంటే ఆమె మళ్ళీ వెతుక్కుంటూ పోతుంది. ఏడుస్తున్నాడన్నా పోతుంది. ఎప్పుడూ చూడని ఆ మొహాన్ని ఆ వాన చప్పుడులో నేను కూడగట్టుకున్నాను.

"అలిసిపోయి ఉన్నాడత్తమ్మా. చానా దూరం బండి తోలినట్టు. ఇంక దిగి పడుకోవాలన్నట్టు ఉంది మొహం."

అత్తమ్మ పెదవులు కదిలాయి. "అవునే" అంది. "దూరం బాడుగ చేసొస్తే అట్లనే ఉండేవాడు. అన్నం కూడా అడిగేవాడు కాదు."

చాలాసేపటికి ఆమె కారు దిగింది. తెరుచుకున్న షెడ్డులోకి కొడుతున్న జల్లులోనే నడిచి ముందుకు వెళ్ళి, డ్రైవరు వైపు తలుపు తీసింది. తీసి, దాన్ని పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడింది. పైట తడిసి ఒంటికి అంటుకుంటున్నా కదల్లేదు. ఎవరో సర్దుకుని, కాళ్ళు కింద పెట్టి, లేచి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే ఉంది.

తర్వాత, నిద్రపోయేవాళ్ళకు మెలకువ రాకుండా వేసినట్టు, మెల్లగా తలుపు వేసింది.